రేకుకు మరలు ఎలా వస్తాయి? స్నోమొబైల్‌పై రివెట్ నట్ల ఎంపిక, అమరిక

గేర్ల సైకిల్ ఉన్నవారు దాని ఫ్రేమ్‌ను ఒకసారి గమనించండి. నీళ్ల సీసా పెట్టుకునే స్టాండ్‌ను రెండు చిన్న స్క్రూలతో గొట్టానికి బిగించి ఉంటారు. ఆ గొట్టం గోడ చాలా పలుచన. అంత పలుచని గోడలో స్క్రూను పట్టి ఉంచేన్ని మరలు ఎక్కడి నుంచి వచ్చాయి? గొట్టం లోపలికి చెయ్యి దూర్చి వెనుక నుంచి నట్ పట్టుకోవడమూ కుదరదు కదా! చాలా అల్యూమినియం సైకిళ్లలో ఈ పని చేసేది రివెట్ నట్ అనే చిన్న లోహపు గొట్టం. లోపల మరలు ఉంటాయి. బయటి నుంచే రంధ్రంలోకి దూర్చి, బయటి నుంచే బిగిస్తారు.

సైకిల్ మీద ఈ నట్ మోసేది ఒక నీళ్ల సీసాను. ఇదే నట్‌ను మంచు మీద పరుగులు తీసే స్నోమొబైల్‌కు అమర్చినప్పుడు పరీక్ష చాలా కఠినంగా ఉంటుంది. గడ్డకట్టే చలి, ఆగని కుదుపులు, ఉప్పు కలిసిన తడి, వీటన్నిటికీ తోడు పలుచని అల్యూమినియం రేకు. అందుకే రివెట్ నట్ ఎలా పనిచేస్తుందో, ఎందుకు విఫలమవుతుందో నేర్చుకోవడానికి స్నోమొబైల్ మంచి ఉదాహరణ.

చెయ్యి దూరని చోటు

స్నోమొబైల్‌కు ముందు రెండు స్కీలు, వెనుక ఒక వెడల్పాటి రబ్బరు ట్రాక్ ఉంటాయి. పైన మోటార్‌సైకిల్‌కు ఉన్నట్టే సీటు, హ్యాండిల్ ఉంటాయి. కెనడాలోని క్యూబెక్‌కు చెందిన జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే 1959లో ‘స్కీ-డూ’ పేరుతో తెచ్చిన చిన్న బండితో ఈ వాహనానికి విస్తృత ప్రచారం వచ్చింది. మన దేశంలో గుల్‌మర్గ్‌కు వెళ్లిన పర్యాటకులు వీటిపై సవారీ చేస్తుంటారు. సియాచిన్ హిమానీనదంపై మన సైన్యం స్నో స్కూటర్లను వాడుతుంది.

సీటు కింద, ట్రాక్‌కు పైకప్పులా, తిరగేసిన ‘యు’ ఆకారంలో మడిచిన పొడవాటి అల్యూమినియం రేకు ఉంటుంది. దీన్ని టన్నెల్ అంటారు. బండికి ఇదే వెన్నెముక. చాలా బండ్లలో దీని మందం 2 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. సామాన్ల పెట్టె, ఇంధన డబ్బా, పనిముట్ల సంచీ, ఏది అదనంగా పెట్టాలన్నా దీని మీదే బిగించాలి.

ఉదాహరణకు ఒక సామాన్ల స్టాండ్‌ను నాలుగు ఎం6 బోల్టులతో, అంటే 6 మి.మీ. వ్యాసం ఉన్న బోల్టులతో బిగించాలనుకుందాం. మనకున్న దారులేమిటి?

రేకులోనే మరలు కోయవచ్చు. మామూలు ఎం6 బోల్టు మీద ఒక మరకూ తర్వాతి మరకూ దూరం 1 మి.మీ. అంటే 2 మి.మీ. రేకులో దొరికేవి రెండే మరలు. అల్యూమినియం లాంటి మెత్తని లోహంలో బోల్టు వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు, అంటే 9 మి.మీ. లోతు మరలు ఉండాలన్నది వర్క్‌షాపుల్లో పాటించే లెక్క. రెండు మరలు మొదటి గట్టి బిగింపుకే ఊడిపోతాయి.

బోల్టును ఆరపార దూర్చి కింద నట్ వేయవచ్చు. కానీ కింద ట్రాక్ ఉంది, కొన్నిచోట్ల ఇంజిన్ ద్రవాన్ని చల్లబరిచే గొట్టాలున్నాయి. అక్కడికి స్పానర్ పోదు. మామూలు పాప్ రివెట్లు వేస్తే స్టాండ్ శాశ్వతంగా ఉండిపోతుంది, తీయాలంటే రివెట్లను డ్రిల్‌తో తొలచాల్సిందే. పలుచని అల్యూమినియానికి వెల్డింగ్ చేస్తే ఆ వేడికి చుట్టుపక్కల లోహం బలం తగ్గుతుంది.

ఇక మిగిలింది రివెట్ నట్.

విమానం రెక్కల నుంచి వచ్చిన ఉపాయం

ఈ నట్ పుట్టుకకూ మంచే కారణం కావడం విశేషం. ఎగిరే విమానాల రెక్కల ముందు అంచు మీద మంచు పేరుకుంటే ప్రమాదం. దాన్ని పగలగొట్టి రాల్చడానికి గాలితో ఉబ్బే రబ్బరు తొడుగులను రెక్క అంచుకు తొడిగేవారు. రెక్క లోపలికి చెయ్యి పోదు, తొడుగు పాడైతే విప్పి మార్చగలగాలి. ఈ అవసరం కోసం 1930లలో అమెరికాలోని బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీ ‘రివ్‌నట్’ను తయారుచేసింది. వర్క్‌షాపుల్లో ఇప్పటికీ చాలామంది ఈ నట్లను రివ్‌నట్ అనే పిలుస్తారు.

దీని నిర్మాణం చాలా సరళం. పైన రేకు మీద ఆనుకునే ఒక చిన్న అంచు ఉంటుంది. దాన్ని కాలర్ అందాం. కాలర్ కింద గొట్టం లాంటి ఒళ్లు. ఆ ఒళ్లు రెండు భాగాలు. కింది సగం మందంగా ఉంటుంది, మరలు అందులోనే ఉంటాయి. పై సగం పలుచగా ఉంటుంది, అందులో మరలుండవు.

అమర్చే పనిముట్టుకు మాండ్రెల్ అనే మరల కడ్డీ ఉంటుంది. దాన్ని నట్‌లోకి తిప్పి, నట్‌ను రంధ్రంలో పెట్టి, పనిముట్టు పిడి నొక్కుతారు. కడ్డీ కింది భాగాన్ని పైకి లాగుతుంది. కాలర్ పైన అడ్డం ఉంది కాబట్టి నట్ బయటికి రాలేదు. మధ్యలోని పలుచని గోడ ఆ ఒత్తిడికి తట్టుకోలేక బయటివైపుకు ముడుచుకుపోతుంది. నిలబెట్టిన ఖాళీ కూల్‌డ్రింక్ డబ్బాను కాలితో తొక్కితే గోడలు ముడతలు పడటం చూసే ఉంటారు. ఇక్కడ జరిగేదీ అలాంటిదే. కాకపోతే ఆ ముడత ఎక్కడ పడాలో ముందే నిర్ణయించి గోడను పలుచన చేశారు.

ఆ ముడత రేకు అడుగున ఉంగరంలా ఉబ్బుతుంది. పైన కాలర్, కింద ఉబ్బు, నడుమ రేకు. ఇప్పుడు 2 మి.మీ. రేకుకు ఏడెనిమిది మి.మీ. లోతున్న గట్టి మరలు వచ్చేశాయి.

ఒక నట్, రెండు పట్లు

ఈ పాఠంలో అసలు విషయం ఇదే. రివెట్ నట్‌లో రెండు వేర్వేరు పట్లు ఉన్నాయి.

మొదటిది నట్‌కూ రేకుకూ మధ్య పట్టు. ఇది అమర్చిన క్షణంలో ఒక్కసారే ఏర్పడుతుంది. తర్వాత దాన్ని చూడలేం, మళ్లీ బిగించడమూ సులభం కాదు. రెండోది బోల్టుకూ నట్‌కూ మధ్య పట్టు. దాన్ని ఎన్నిసార్లయినా విప్పవచ్చు, బిగించవచ్చు.

బోల్టును గట్టిగా బిగిస్తే నట్ కూడా రేకుకు గట్టిగా పట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. బలాలు ఏ దారిన పోతున్నాయో చూస్తే అది ఎంత తక్కువ నిజమో తెలుస్తుంది. స్టాండ్ వచ్చి ఆనేది ప్రధానంగా కాలర్ మీద. బోల్టు తల స్టాండ్‌ను కిందికి నొక్కుతుంది, స్టాండ్ కాలర్‌ను నొక్కుతుంది, మరలు నట్‌ను పైకి లాగుతాయి. ఈ లాగుడూ నొక్కుడూ చాలావరకు నట్ ఒంట్లోనే ముగిసిపోతాయి. రేకు ఆ వలయానికి బయటే ఉంటుంది. అందువల్ల మొదటి పట్టు వదులుగా ఏర్పడితే బోల్టును ఎంత బిగించినా అది పూర్తిగా సరికాదు.

ఆ మొదటి పట్టును నిర్ణయించేవి మూడు: రేకు మందం, రంధ్రం కొలత, లోహాల జత. దుకాణంలో మనం మొదట అడిగేది బోల్టు సైజు. నట్ నిలబడేదీ జారేదీ మాత్రం రేకును బట్టే.

ఎంపిక: రేకును అడగండి

మందం. ప్రతి రివెట్ నట్‌కూ ఒక గ్రిప్ రేంజ్ ఉంటుంది. అంటే ఎంత మందం నుంచి ఎంత మందం వరకు రేకును అది పట్టగలదో ఆ పరిధి. సాధారణంగా దొరికే ఎం6 నట్లకు ఇది 0.5 నుంచి 3 మి.మీ. వరకు ఉంటుంది. అంతకంటే మందమైన పలకలకు పొడవాటి నట్లు వేరుగా దొరుకుతాయి. రేకు మరీ మందమైతే ముడత పడటానికి చోటు చాలదు. మరీ పలుచనైతే ముడత పూర్తిగా పడ్డాక కూడా రేకుకు ఆనదు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. లెక్కలోకి తీసుకోవాల్సింది నట్ కూర్చునే రేకు మందాన్నే. పైన వచ్చే స్టాండ్ మందాన్ని దానికి కలపకూడదు. రెండు రేకులు ఒకదానిపై ఒకటి ఉన్నచోట రెండిటి మందమూ కలుస్తుంది. వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి చూడటమే మేలు.

ఒళ్లు ఆకారం. నున్నని గుండ్రటి ఒళ్లున్న నట్ రంధ్రంలో గిర్రున తిరిగే అవకాశం ఎక్కువ. ఒంటి మీద నిలువు గరుకు గీతలున్నవి మెత్తని అల్యూమినియంలోకి కాస్త కొరికి పట్టుకుంటాయి. ఆరు పలకల ఒళ్లున్నవి తిరగకుండా అన్నిటికంటే బాగా ఆగుతాయి, కానీ వాటికి ఆరు పలకల రంధ్రమే కావాలి, అది డ్రిల్‌తో రాదు. ఇంటి షెడ్డులో చేసే పనికి గరుకు గీతలున్న నట్ సరైన మధ్యమార్గం.

ప్లాస్టిక్ ప్యానెళ్ల కథ వేరు. చిన్న ఉంగరం లాంటి ఉబ్బు ప్లాస్టిక్‌ను చీల్చేస్తుంది. అక్కడ ఒళ్లు నిలువునా చీలి ఉండి, బిగించగానే నాలుగు రెక్కల పువ్వులా విచ్చుకునే నట్లు వాడతారు. బరువు ఎక్కువ వైశాల్యం మీద పరుచుకుంటుంది. విండ్‌షీల్డ్ లాంటి పెళుసు భాగాలకు రబ్బరు ఒంట్లో ఇత్తడి నట్ పొదిగిన వెల్‌నట్లు ఉన్నాయి. రబ్బరు కుదుపులను కూడా మింగేస్తుంది.

లోహం. రెండు వేర్వేరు లోహాలు తాకి, వాటి మీద ఉప్పునీరు ఉంటే అది చిన్న బ్యాటరీ అయిపోతుంది. రెండిటిలో చురుకైన లోహం కరిగిపోతుంది. ప్రామాణిక ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ పట్టికలో అల్యూమినియం -1.66 వోల్టుల దగ్గర, జింకు -0.76 దగ్గర, ఇనుము -0.44 దగ్గర, రాగి +0.34 దగ్గర ఉంటాయి. నిజజీవితంలో ఉపరితలం మీద ఉండే ఆక్సైడ్ పొర ఈ అంకెలను మారుస్తుంది. ఉప్పునీటిలో కొలిస్తే అల్యూమినియం, జింకు దాదాపు ఇరుగుపొరుగులు. స్టెయిన్‌లెస్ స్టీల్, ఇత్తడి వాటికి దూరంగా ఉంటాయి. కాబట్టి జింకు పూత ఉన్న ఉక్కు నట్ అల్యూమినియం రేకుతో బాగానే సర్దుకుపోతుంది. ఇత్తడి నట్ సర్దుకోదు.

స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు, కానీ తన చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని తినేయగలదు. పెద్ద రేకులో చిన్న స్టెయిన్‌లెస్ నట్ ఉండటం, దానికి తిరగేసిన అమరిక అంత ప్రమాదం కాదు. ఎందుకంటే ప్రవాహాన్ని నడిపే స్టెయిన్‌లెస్ వైశాల్యం తక్కువ. అయినా జరిగే నష్టమంతా రంధ్రం అంచునే, అంటే పట్టు ఉండాల్సిన చోటనే జరుగుతుంది. స్టెయిన్‌లెస్ వాడితే కాలర్ కింద, రంధ్రం అంచుకు సీలెంట్ లేదా ప్రైమర్ పూత తప్పనిసరి.

మంచులో ఉప్పెక్కడిదని అడగవచ్చు. నిజమే, స్వచ్ఛమైన మంచు నీటిలో విద్యుత్తు సరిగా ప్రవహించదు. కానీ చలి దేశాల్లో రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. స్నోమొబైల్‌ను ట్రైలర్ మీద ఆ రోడ్ల వెంట తీసుకెళ్తే ఉప్పు తుంపర్లు దాని ప్రతి సందులోకీ చేరతాయి. ప్రయాణం తర్వాత మంచినీటితో కడగడం నట్ల ఆయుష్షును పెంచే చౌకైన పద్ధతి.

అల్యూమినియం నట్ వాడితే ఈ బ్యాటరీ సమస్య దాదాపు ఉండదు. అయితే దాని మరలు మెత్తన. తరచూ విప్పి బిగించే చోటుకు, బరువులు మోసే చోటుకు అది తగదు. మన సామాన్ల స్టాండ్‌కు జింకు పూత ఉన్న, గరుకు గీతల ఉక్కు నట్ సరిపోతుంది. అడుగు నుంచి తడి రాకుండా ఉండాలంటే కింది కొన మూసి ఉన్న నట్లు కూడా దొరుకుతాయి.

చలిలో ఏమవుతుంది?

షెడ్డులో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర అమర్చిన నట్ బయట -30 డిగ్రీలకు వెళ్లిందనుకుందాం. తేడా 50 డిగ్రీలు. ఒక డిగ్రీ తగ్గితే అల్యూమినియం తన పొడవులో పది లక్షల్లో 23 వంతులు, ఉక్కు సుమారు 12 వంతులు కుంచించుకుంటాయి. రెండిటి మధ్య తేడా 11 వంతులు.

ముందు మందం సంగతి. 2 మి.మీ. రేకు, దాన్ని పట్టుకున్న ఉక్కు కంటే 2 × 50 × 11 లెక్కన, అంటే 1.1 మైక్రోమీటర్లు ఎక్కువగా పలుచనవుతుంది. మైక్రోమీటరంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇంత చిన్న తేడా లెక్కలోకి వస్తుందా? వస్తుంది. 200 మెగాపాస్కళ్ల ఒత్తిడిలో ఉన్న 2 మి.మీ. ఉక్కు ముక్క సాగేది 2 మైక్రోమీటర్లే. రేకును పట్టి ఉంచే బిగువు అంతా ఆ కాస్త సాగుడులోనే ఉంది. అందులో సగం పోవడం చిన్న విషయం కాదు. ఉబ్బుకూ రేకుకూ కూడా కొంత స్ప్రింగ్ గుణం ఉంటుంది కాబట్టి నిజమైన నష్టం ఇంతకంటే తక్కువే ఉంటుంది. అయినా పలుచని రేకు పట్టు ఎంత సున్నితమైందో ఈ లెక్క చూపిస్తుంది.

ఇప్పుడు రంధ్రం సంగతి. 9 మి.మీ. రంధ్రం, అందులోని ఉక్కు ఒంటి కంటే 9 × 50 × 11 లెక్కన, అంటే సుమారు 5 మైక్రోమీటర్లు ఎక్కువగా కుంచించుకుంటుంది. అంటే రంధ్రం నట్‌ను చుట్టూ నొక్కుతుంది. చలి పైనుంచి కిందికి ఉన్న పట్టును సడలిస్తే, చుట్టూ ఉన్న పట్టును పెంచుతుంది. ఈ రెండో మేలు దక్కాలంటే నట్ రంధ్రంలో బిర్రుగా కూర్చుని ఉండాలి. రంధ్రం అర మిల్లీమీటరు వెడల్పయిపోతే, అంటే 500 మైక్రోమీటర్ల ఖాళీ ఉంటే, 5 మైక్రోమీటర్ల సంకోచం ఏ మూలకు వస్తుంది?

ప్లాస్టిక్‌కు ఈ లెక్క మరీ పెద్దది. పాలీప్రొపిలీన్ లాంటి ప్లాస్టిక్‌లు డిగ్రీకి పది లక్షల్లో 100 వంతుల వరకు కుంచించుకుంటాయి. అర మీటరు ప్యానెల్ 50 డిగ్రీల తేడాకు 2.5 మి.మీ. తగ్గితే, దాని కింది అల్యూమినియం 0.6 మి.మీ. మాత్రమే తగ్గుతుంది. దాదాపు 2 మి.మీ. తేడాను బోల్టులు అడ్డుకుంటే చలికి పెళుసైన ప్యానెల్ పగులుతుంది. అందుకే ప్యానెల్‌లో ఒక రంధ్రాన్ని గుండ్రంగా, మిగతావాటిని కోలగా చేయాలి.

డ్రిల్ పెట్టే ముందు

టన్నెల్ అడుగున ఏముందో చూడకుండా డ్రిల్ పెట్టకూడదు. ద్రవంతో చల్లబడే ఇంజిన్లున్న బండ్లలో ట్రాక్ విసిరే మంచు పొడి తగిలేలా టన్నెల్ కింద హీట్ ఎక్స్‌ఛేంజర్లు ఉంటాయి. డ్రిల్ వాటిలోకి దిగితే ద్రవం కారిపోతుంది, జనావాసాలకు దూరంగా ఇంజిన్ వేడెక్కి ఆగిపోతుంది. గడ్డకట్టే చలిలో అది ప్రాణాల మీదకు వచ్చే పరిస్థితి. ఇంధన ట్యాంకు, వైర్లు ఎటు పోతున్నాయో కూడా చూసుకోవాలి.

రెండోది ట్రాక్. నట్ ఒళ్లు, అందులోంచి దిగిన బోల్టు కొన ఎంత కిందికి వస్తాయో కొలవాలి. సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు కూడా ట్రాక్ వాటికి తగలకూడదు. బోల్టు నట్ కొన దాటి పొడుచుకు రాని పొడవులో ఉండాలి.

మూడోది రేకు బలం. లాగుడులో ఉన్న పలకలో గుండ్రటి రంధ్రం చేస్తే దాని అంచున ఒత్తిడి మూడు రెట్లవుతుందని జర్మన్ ఇంజనీర్ కిర్ష్ 1898లోనే లెక్కకట్టి చూపాడు. పగుళ్లు మొదలయ్యేది అక్కడి నుంచే. అందుకే రంధ్రం మధ్య బిందువు రేకు అంచుకు రంధ్రం వ్యాసానికి కనీసం రెట్టింపు దూరంలో ఉండాలి. మడతల మీద, ఇప్పటికే ఉన్న రివెట్ల పక్కన రంధ్రాలు చేయకూడదు.

అమర్చే క్రమం

1. నట్ల ప్యాకెట్ మీద ఉన్న రంధ్రం కొలత చూడండి. సాధారణంగా ఎం5కు 7, ఎం6కు 9, ఎం8కు 11 మి.మీ. ఉంటుంది. తయారీదారు వేరే కొలత ఇస్తే అదే ప్రమాణం. మీ స్టాండ్ రంధ్రం కాలర్ కంటే చిన్నదై ఉండాలి. పెద్దదైతే బిగించినప్పుడు నట్ దానిలోకి ఊడి వచ్చేస్తుంది.

2. సెంటర్ పంచ్‌తో గుర్తు పెట్టి, ముందు 3 మి.మీ. బిట్‌తో తొలవండి. పలుచని రేకులో పెద్ద బిట్ నేరుగా పెడితే అది వణికి, రంధ్రం మూడు మూలల ఆకారంలో వస్తుంది. మెట్ల ఆకారపు స్టెప్ డ్రిల్‌తో క్రమంగా పెంచితే గుండ్రంగా వస్తుంది. సరైన కొలత కంటే 0.1 మి.మీ. దాటనివ్వకండి.

3. రంధ్రం అంచున లేచిన పదును ముక్కలను తీసేయండి. కాలర్ వాటి మీద కూర్చుంటే మొదటి కుదుపులకే అవి నలిగి, పట్టు సడలుతుంది. అంచును లోతుగా ఏటవాలు చేయకండి, పలుచని రేకులో కొరికి పట్టే లోహం తగ్గిపోతుంది. తొలిచిన పొడిని వాక్యూమ్‌తో లాగేయండి.

4. అంచుకు ప్రైమర్ లేదా సీలెంట్ పలుచగా పూయండి.

5. అదే మందమున్న అల్యూమినియం ముక్క మీద ముందు రెండు నట్లు అమర్చి చూడండి. పనిముట్టు ఎంత దూరం లాగాలో అక్కడే సరిచేసుకోవాలి. తక్కువ లాగితే ఉబ్బు రేకుకు ఆనదు, ఎక్కువ లాగితే మరలు సాగి పాడవుతాయి.

6. నట్‌ను మాండ్రెల్‌కు పూర్తిగా ఎక్కించి, రంధ్రంలోకి నిటారుగా దూర్చి, కాలర్ రేకుకు ఆనేలా నొక్కిపట్టి, పిడి నొక్కండి. ముడత పడుతున్నంతసేపు పిడి ఒకే తీరున కదులుతుంది. ఉబ్బు రేకుకు ఆనగానే బరువు హఠాత్తుగా పెరుగుతుంది. అక్కడ ఆగాలి.

7. మాండ్రెల్ విప్పి, బోల్టును చేత్తో తిప్పి చూడండి. సాఫీగా దిగాలి. కాలర్‌కూ రేకుకూ మధ్య గోరు దూరే సందు ఉండకూడదు.

కుదుపులు, బిగింపు

ఎం6 బోల్టును 5 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగిస్తే, మామూలు ఘర్షణ ఉన్నప్పుడు, సుమారు 4,000 న్యూటన్ల లాగుడు పుడుతుంది. అంటే 400 కిలోల బరువు వేలాడదీసినంత. మీ నట్‌కు తయారీదారు ఇంతకంటే తక్కువ పరిమితి చెబితే దాన్నే పాటించాలి.

ఇంత లాగుడు ఎందుకు? మన స్టాండ్ మీద 10 కిలోల సామాను ఉంది. గట్టి కుదుపులో త్వరణం గురుత్వానికి 10 రెట్లయిందనుకుంటే, అడ్డంగా సుమారు 1,000 న్యూటన్ల బలం పడుతుంది. ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే ఒక్కో బోల్టు 800 న్యూటన్ల వరకు జారకుండా ఆపుతుంది. నాలుగూ కలిసి 3,200. ఇబ్బంది లేదు. కానీ బిగువులో నాలుగో వంతు మాత్రమే మిగిలితే ఆ మొత్తం 800కు పడిపోతుంది. ఇక ప్రతి పెద్ద కుదుపుకూ స్టాండ్ కాస్త జారుతుంది. ఇలా అడ్డంగా జారే కదలికే బోల్టులను వాటంతట అవి విప్పుకునేలా చేస్తుందని గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగాలతో చూపాడు. బిగువు తగ్గితే జారుడు, జారితే మరింత సడలింపు. బండి వదులు కావడం ఒకసారి మొదలైతే త్వరత్వరగా ముదిరేది ఇందుకే.

దీనికి నివారణగా మరలకు పూసే థ్రెడ్‌లాకర్ వాడతారు. గాలి తగలని చోట, లోహం సమక్షంలో గట్టిపడే జిగురు ఇది. రివెట్ నట్‌కు మధ్యస్థ బలం ఉన్నది, అదీ ఒక చుక్క చాలు. శాశ్వత బలం ఉన్నది వాడితే విప్పేటప్పుడు బోల్టుతోపాటు నట్ కూడా తిరుగుతుంది. చలిలో ఇది నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి వెచ్చని షెడ్డులో పూసి, పూర్తిగా ఆరాకే బండి బయటికి తీయాలి. పాలీకార్బొనేట్ లాంటి ప్లాస్టిక్‌లకు తగిలితే అవి పగుళ్లిస్తాయి, జాగ్రత్త.

నట్ గిర్రున తిరిగితే

బిగించేటప్పుడు బాగానే ఉన్న నట్ విప్పేటప్పుడే తిరగడం చాలామంది చూసి ఉంటారు. కారణం ఉంది. బిగించేటప్పుడు స్టాండ్ కాలర్‌ను నొక్కి పట్టుకుని, తిరగకుండా సాయం చేస్తుంది. విప్పడం మొదలుపెట్టగానే ఆ నొక్కుడు పోతుంది. మరలు తుప్పుతో పట్టేసి ఉంటే స్పానర్ వేసే టార్క్ అంతా నట్‌కూ రేకుకూ మధ్య ఉన్న మొదటి పట్టు మీద పడుతుంది. అది బలహీనంగా ఉంటే తిరిగిపోతుంది. పాత బోల్టులకు ముందురోజే తుప్పు వదిలించే నూనె వేయడం, స్టెయిన్‌లెస్ బోల్టును స్టెయిన్‌లెస్ నట్‌లో వేస్తే అవి అతుక్కుపోకుండా యాంటీ సీజ్ పూయడం ఇందుకే. ఈ పూత రాస్తే మరలు తేలిగ్గా జారి, అదే టార్క్‌కు లాగుడు పెరుగుతుంది. అప్పుడు టార్క్ తగ్గించాలి. అక్కడ థ్రెడ్‌లాకర్ పనిచేయదు.

తిరిగిపోయిన నట్ కాలర్‌ను గ్రిప్ ప్లయర్‌తో పట్టి బోల్టు విప్పాలి. తర్వాత పెద్ద బిట్‌తో కాలర్‌ను తొలిచేస్తే మిగతా ఒళ్లు కిందికి రాలుతుంది. ఆ ముక్కను వెతికి తీసేవరకు బండి నడపకూడదు, ట్రాక్‌లో పడితే దేన్నైనా చీల్చగలదు. రంధ్రం వెడల్పయి ఉంటే అదే సైజు కొత్త నట్ నిలవదు. స్థలం ఉంటే పెద్ద సైజు నట్‌కు మారాలి, లేదంటే కొత్త చోట రంధ్రం చేయాలి.

మీరే చేసి చూడండి

పనిముట్టు లేకుండానే ఈ సూత్రాన్ని పరీక్షించవచ్చు. 2 మి.మీ. అల్యూమినియం పట్టీలో 9 మి.మీ. రంధ్రం ఒకటి, 9.5 మి.మీ. రంధ్రం ఒకటి చేయండి. పొడవాటి ఎం6 బోల్టుకు ఒక మామూలు నట్, దాని కింద గ్రీజు రాసిన రెండు వాషర్లు ఎక్కించి, కొనను రివెట్ నట్‌లోకి తిప్పండి. రివెట్ నట్‌ను రంధ్రంలో పెట్టి, బోల్టు తలను కదలకుండా ఒక స్పానర్‌తో పట్టి, మరో స్పానర్‌తో మామూలు నట్‌ను కిందికి బిగించండి. రివెట్ నట్ కింది భాగం పైకి వచ్చి ముడత పడుతుంది. రెండు రంధ్రాల్లోనూ అమర్చాక కొత్త బోల్టులు ఎక్కించి, తలల కింద ఏమీ పెట్టకుండా, ఒక్కో బోల్టు మీద రెండు మామూలు నట్లను ఎదురెదురుగా బిగించి లాక్ చేసి తిప్పి చూడండి. ఏది ముందు గిర్రున తిరుగుతుందో గమనించండి. కళ్లద్దాలు మాత్రం మరవకండి.

ఎక్కడ వాడకూడదు?

స్టీరింగ్, సస్పెన్షన్, బ్రేకులకు సంబంధించిన భాగాలను రివెట్ నట్‌తో కొత్తగా బిగించకూడదు. టన్నెల్‌ను కలిపి ఉంచే కంపెనీ రివెట్ల స్థానంలోనూ వాడకూడదు. ఊడితే సామాను మాత్రమే పోయే చోటుకు ఇది సరిపోతుంది. మనిషి అదుపు పోయే చోటుకు కాదు.

కొత్తగా అమర్చిన తర్వాత మొదటి సవారీ నుంచి రాగానే బోల్టుల బిగువు టార్క్ రెంచ్‌తో చూడండి. బోల్టు తల నుంచి స్టాండ్ మీదకు పెయింట్ పెన్నుతో ఒక గీత గీసి ఉంచితే, తర్వాత చూపుతోనే తెలిసిపోతుంది. గీత విరిగితే బోల్టు కదిలినట్టు. కాలర్ చుట్టూ నల్లటి పొడి కనిపిస్తే రేకు రాపిడి పడుతోందని, అంటే మొదటి పట్టు సడలిందని గుర్తు. అక్కడ బోల్టు బిగించి లాభం లేదు, నట్ మార్చాలి.